నాలుగు నిమ్మకాయలు, నాలుగు టైర్లు

చిత్తూరు వెళ్ళి తిరిగొచ్చి పది రోజులైంది. స్టాఫ్ రూములో అందరూ దర్శనం బాగా జరిగిందా అని అడుగుతున్నారు. జరిగింది. కానీ అబద్ధమెందుకు, ఆ నాలుగు రోజుల్లో నేను దేవుళ్ళ వంక చూసిన దానికంటే మా తోడికోడలు భారతి కొత్త కారు వంక చూసిందే ఎక్కువ.

మాది తెనాలి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన వాళ్ళది చిత్తూరు. అత్తయ్య అక్కడే చిన్నకొడుకు దగ్గర, అంటే భారతి దగ్గర ఉంటుంది. ఫోన్ చేస్తే చాలు, భారతి చేసిన సంగటి, భారతి తెచ్చిన చీర, భారతి తీసుకెళ్ళిన గుడి. పోయినేడు ఉగాదికి భారతి తెల్లకారు కొన్నప్పటి నుంచి ఆ జాబితాలో భారతి డ్రైవింగ్ కూడా చేరింది. నేను కారు నడపడం నేర్చుకుని పదకొండేళ్ళు. మా వీధిలోనే కాదు, ఇటు చుట్టాల్లోనూ అటు చుట్టాల్లోనూ మొట్టమొదట స్టీరింగ్ పట్టుకున్న ఆడదాన్ని నేను. ఆ సంగతి అత్తయ్య ఒక్కసారి కూడా తలుచుకున్న పాపాన పోలేదు.

అలాంటిది దసరా సెలవులకు ముందు ఆవిడే ఫోన్లో అంది. "విజయా, ఈ తూరి తిరుమల కొండకు నీ కార్లోనే వస్తానమ్మే. నువ్వే తోలాల."

ఆ మాటకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు. మా ఆయనకు సెలవు దొరకలేదు, రైల్లో వెళ్ళమన్నారు. రైల్లో వెళితే అత్తయ్యను కొండకు ఎవరు తీసుకెళ్తారు? భారతి. నా కంఠంలో ప్రాణం ఉండగా అది జరగదనుకుని ఒక్కదాన్నే బయల్దేరాను.

నా కారు గురించి కూడా చెప్పాలి. పదకొండేళ్ళలో తిరిగింది ముప్పై ఒక్క వేల కిలోమీటర్లు. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి. మిగతా కాలమంతా వాకిట్లో పడమటి ఎండకు కవరు కప్పుకుని ఉంటుంది. టైర్ల గాడిలో వేలు పెడితే గోరు మొత్తం మునుగుతుంది. ఇది నా గొప్ప. కారు పాతదే కావచ్చు, టైర్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయని ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేదాన్ని.

శ్రీకాళహస్తి

నాయుడుపేట దగ్గర హైవే దిగి, మధ్యాహ్నానికి కాళహస్తి చేరాను. భోజనం నూట ఇరవై. పప్పు బాగుంది, గోంగూర లేదు. అక్కడి వాళ్ళు గోంగూర లేదని బాధపడుతున్నట్టు కూడా లేదు. ఒక సందులో ఒకాయన వెదురు పుల్లతో గుడ్డ మీద నెమలిని గీస్తున్నాడు. గీత వణకడం లేదు. అలాంటి కలంకారీ చీర ఒకటి ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను. ఆరు వేలన్నారు. భారతికి ఇలాంటివి రెండున్నాయని గుర్తొచ్చి, చీర మడత పెట్టి ఇచ్చేశాను.

ఊరు దాటేముందు గాలి పట్టిద్దామని తిరుపతి రోడ్డు పక్కన పంచర్ల షాపు దగ్గర ఆపాను. లుంగీ కట్టుకున్న పెద్దమనిషి, అరవై ఉంటాయి, గొట్టం తీసుకుని వచ్చి ఏ ఊరని అడిగాడు. తెనాలి అన్నాను.

"ఒక్కదానివే వచ్చినావామ్మా అంత దూరం నుంచి?"

"ఒక్కదాన్నే," అన్నాను, కాస్త నిటారుగా నిలబడి.

ఆయన గాలి పెట్టి, తడిగుడ్డతో టైరు పక్క భాగం తుడిచి, బొటనవేలితో నొక్కి చూశాడు. "ఈ టైర్లకు శానా వయసయింది మ్మా. సూడు, ఈడంతా సన్నసన్నగా పగిలిండాది."

"గ్రిప్పు చూడండి. ఏమైనా అరిగిందా?"

"అరగల్యా. నేను సెప్తా ఉండేది అదే. అరక్కుండానే ముసలిదై పోయినాది." టైరు మీద ఒక సున్నాలాంటి గీత మధ్యనున్న నాలుగంకెల మీద వేలు పెట్టాడు. 3814. "ముప్పై ఎనిమిదో వారం, పద్నాలుగో సంవత్సరం. ఇది పుట్టిన దినం మ్మా. బండి తిరిగినా తిరక్కపోయినా రబ్బరుకు వయసాగదు. ఎండలో పెడితే ఇంకా బిన్నా, తొందరగా ఎండిపోతాది."

పదకొండేళ్ళుగా ఆ అంకెలు చూస్తున్నాను. ఏదో కంపెనీ నంబరు అనుకున్నాను. లెక్కల టీచర్ని నేను, నాకు చదవడం రాని నాలుగంకెలు ఆయన చదవడం నాకేమీ నచ్చలేదు.

"కొత్తవి మీ దగ్గరే ఉంటాయి కాబోలు," అన్నాను.

"నా తావ యాడుండాయమ్మా. గాలి, పంచరు, అంతే. తిరపతిలోనో చిత్తూర్లోనో మార్పించుకో. కొండకు మాత్రం వీటితో పోవాకు."

నాలుగు చక్రాలకు ఇరవై తీసుకున్నాడు. వాయులింగం ఉన్న ఊళ్ళో గాలికి కూడా డబ్బులా అనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని కూడా అనుకున్నాను. ఏర్పేడు దాటాక ఎనభైలో వెళ్తుంటే స్టీరింగ్ చేతుల్లో సన్నగా వణికింది. రోడ్డు అద్దంలా ఉంది, మా తెనాలి రోడ్డుకు అలాంటి యోగం ఈ జన్మకు పట్టదు. అయినా ఆ రోడ్డునే తిట్టుకున్నాను.

చిత్తూరు

నేను చేరేసరికి పొద్దుగూకుతోంది. భారతి గేటు దాకా వచ్చి నా చేతిలో సంచి అందుకుంది. తెల్లకారు షెడ్డులో ఉంది, నాది వీధిలో నిలబడింది. మా మరిది ఉద్యోగం మీద బెంగళూరు వెళ్ళాడు కాబట్టి ఇంట్లో మేం ముగ్గురు ఆడవాళ్ళమే.

రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి. మా వైపు అన్నం ముద్ద నోట్లోకి వెళ్ళకపోతే భోజనం చేసినట్టు కాదు. ఇక్కడ వేరుశనగను చెనక్కాయ అంటారు, దాన్ని వెయ్యని వంట కనిపించలేదు. ఆ ఊరిబిండి కూడా వేయించిన చెనక్కాయలతో రుబ్బిందే. సంగటి ముద్దకు గుంట చేసి పులుసు పోసుకుని, నమలకుండా మింగాలని అత్తయ్య నేర్పింది. మూడు ముద్దలు తిన్నాను. జన్మలో అంత మంచి కోడి పులుసు తినలేదు.

"ఎట్లుండాది అక్కా?" అని భారతి అడిగింది.

"ఉప్పు కాస్త ఎక్కువైంది," అన్నాను.

ఆమె గరిటెతో కొంచెం చేతిలో వేసుకుని రుచి చూసి, ఊరికే తల ఊపింది. నాకు ఒళ్ళు మండింది. ఎదురు తిరిగి ఒక మాట అంటే నాకూ హాయిగా ఉండేది.

మర్నాడు పొద్దున ముగ్గు వేయడానికి వెళ్ళిన భారతి నా కారు పక్కన గొంతుకూర్చుని కనిపించింది.

"అక్కా, ఈ టైర్లు ఎప్పుడివి? మనకు తెలిసిన షాపు ఉండాది. రొంత చూపిద్దామా?"

"కొత్త కారు ఉన్నవాళ్ళ కళ్ళకు ఎదుటివాళ్ళ కారు పాతగానే కనిపిస్తుందిలే."

"అట్ల కాదక్కా. కొండకు అత్తను తీసకపోతా ఉండావు గదా అని."

"నీ బాధంతా అదే కదా," అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. ముగ్గు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు తప్పు తెలిసింది, కానీ ఒప్పుకోవడానికి మనసు రాలేదు. టైర్లు బాగోలేవని నేనంటే ఏమవుతుంది? అత్తయ్య తెల్లకారు ఎక్కుతుంది. పదకొండేళ్ళకు దక్కిన ఒక్క ప్రయాణం. టైర్లు పగిలితే పగిలాయి, గ్రిప్పు ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

కాణిపాకం

ఆ పూటే అత్తయ్యకు ఒక ఆలోచన వచ్చింది. పోయినేడు భారతి కారుకు కాణిపాకంలో పూజ చేయించారు. "కొండకు పోయే ముందు నీ కారుకూ చేపిద్దాం పద," అంది. నేను వద్దంటానా. ఆవిడ ముందు సీట్లో, భారతి వెనక సీట్లో. అద్దంలో భారతిని వెనక సీట్లో చూడటం నాకెంత బాగుందో చెప్పలేను. దారి పొడవునా మామిడి తోటలు, చెరకు. మెల్లగానే నడిపాను కాబట్టి స్టీరింగ్ వణకలేదు.

కాణిపాకం వినాయకుడి సంగతి ఆ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్కడ అబద్ధం చెప్పరు. గట్టు తగాదా అయినా, దొంగతనం అయినా, అన్నదమ్ముల మధ్య అనుమానమైనా, ఆ గుడికి వచ్చి తడిబట్టలతో ప్రమాణం చేస్తే తేలిపోయినట్టే. మా వైపు ఒట్లు మాట మాటకూ వేస్తారు, తీసి గట్టున పెడతారు. ఇక్కడ పోలీస్ స్టేషన్లో నోరు విప్పనివాడు కూడా ఈ గుడి మెట్ల దగ్గర విప్పుతాడని అత్తయ్య చెప్పింది.

పూజకు నిలిపిన బండ్లన్నీ కొత్తవే. బంతిపూల దండలు, సీట్ల మీద ఇంకా తీయని ప్లాస్టిక్ కాగితాలు. మధ్యలో నాది. నిమ్మకాయలమ్మే ఆమె బుట్టతో వచ్చింది. నాలుగు కాయలు నలభై రూపాయలు. చక్రానికొకటి చొప్పున పెట్టి, పూజ అయ్యాక బండి కదిలిస్తే కాయలు నలిగి దిష్టి పోతుంది. ఆమె మూడు చక్రాలకు పెట్టి నాలుగో దాని దగ్గర ఆగిపోయింది. గోటితో టైరును గీరింది.

"అమ్మా, ఈ బండి యాడికి పోతాది?"

"రేపు కొండకు."

"నేను దినానికి యాభై బండ్లకు కాయలు పెడతా. పొద్దస్తమానం నేను సూసేది టైర్లే, మనుషుల మొకాలు గూడా సూడను. కొత్త టైరు నల్లంగా, నున్నంగా ఉంటాది. దీన్ని సూడు, ఎండాకాలం సెరువు మాదిరి పగిలిండాది. కాయ తొక్కను నాలుగడుగులు పోతే పరవాలేదు. కొండకైతే పూజ సాలదు మ్మా."

అత్తయ్య కిటికీ అద్దం దింపే ఉంది. అంతా వింది.

"నిజమేనా విజయా?"

"అరగలేదు అత్తయ్యా, గ్రిప్పు..." అని మొదలు పెట్టాను.

"ఇంతకు ముందు ఎవురన్నా చెప్పినారా నీకు?"

కోపంగా అడగలేదు. ఊరికే అడిగింది. మా తెనాల్లో అయితే లేదు అనేసేదాన్ని, నాలుక క్షణం కూడా తడబడేది కాదు. సరిగ్గా అప్పుడే ఇద్దరు మనుషులు, బోరుబావి తగాదా అట, నెత్తి మీంచి నీళ్ళు కారుతుండగా మా కారు ముందు నుంచి గుడిలోకి వెళ్తున్నారు. ఇద్దరిలో ఒకడు అడుగడుగుకూ ఆగుతున్నాడు. నేను లెక్కల మనిషిని, ఇలాంటివి నమ్ముతానని ఎప్పుడూ అనుకోలేదు. కానీ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాను. లేదు అన్న చిన్న మాట నోటి నుంచి రాలేదు.

"చెప్పారు," అన్నాను. "కాళహస్తిలో గాలి పెట్టిన ఆయన చెప్పాడు. కొండకు వీటితో పోవద్దన్నాడు. పొద్దున భారతి కూడా చెప్పింది."

"మరి చెప్పకుండా ఊరికే ఎందుకుండావు?"

"మీరు భారతి కారెక్కుతారని."

భారతి తల వంచుకుని ఒళ్ళో ఉన్న పూల సంచిని సర్దుకోవడం మొదలుపెట్టింది. అత్తయ్య నా వైపు తిరిగింది.

"నేను నీ కార్లో వస్తానన్నది ఎందుకనుకున్నావు? పదకొండేండ్ల ముందే, మన ఆడోళ్ళల్లో అందరికన్నా ముందు బండి తోలినావే, ఆ ధైర్యం చూసి. ఆ మాట నీతో ఎప్పుడూ అనల్యా, అది నాదే తప్పు. కానీ విజయా, నన్ను నమ్మించి ఎక్కించుకునేది ఇట్లనా?"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ కారు దిగిపోతుందనుకున్నాను. దిగలేదు.

"నిదానంగా తోలు. టైర్ల షాపుకు పోదాం," అంది.

నిమ్మకాయలామె నాలుగు కాయలూ మళ్ళీ ఏరి, కవర్లో వేసి నా చేతికిచ్చింది. "ఇప్పుడు తొక్కించవాకు. కొత్త టైర్లకు పెట్టుకుందువు," అంది. డబ్బులు మాత్రం వెనక్కివ్వలేదు.

టైర్ల షాపు

చిత్తూరు దాకా నలభై దాటలేదు. షాపతను భారతిని పేరు పెట్టి పలకరించాడు. ఆ ఊళ్ళో భారతిని పేరు పెట్టి పలకరించని మనిషి లేడు, అది వేరే ఏడుపు.

అతను ఎడమవైపు ముందు టైరు విప్పి, నేల మీద నిలబెట్టి, మోకాలితో వంచాడు. పగుళ్ళన్నీ నోళ్ళు తెరిచాయి. తర్వాత లోపలి వైపు, బయట నిలబడి చూస్తే ఎప్పటికీ కనిపించని వైపు తిప్పాడు. అక్కడ టైరు ఒకచోట ఉబ్బి ఉంది. నా చేతిలో కవరుంది కాబట్టి కొలత సరిగ్గా చెప్పగలను, నిమ్మకాయంత.

"స్టీరింగ్ ఒణికినాదా మేడమ్?"

"వణికింది."

"ఇదే. కొండ దిగేటప్పుడు వేడికి పగిలిందంటే బండి నీ మాట వినదు."

అత్తయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. ఆ ఉబ్బు వంక ఒకసారి చూసి, మళ్ళీ టీ తాగింది. పైన పటారం లోన లొటారం అని నా టైర్లను అనుకున్నానో, నన్ను అనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

కొత్తవి నాలుగు, బిగింపుతో కలిపి పదహారు వేల ఎనిమిది వందలు. స్టెప్నీ కూడా అదే వయసుదని, ఊరు చేరాక మార్చుకోమన్నాడు. అతను తెచ్చిన నాలుగింటి మీదా అంకెలు నేనే చదివాను. ఒకదాని వయసు మిగతా వాటికంటే రెండేళ్ళు ఎక్కువ. అది వద్దన్నాను. "మేడమ్ అప్పుడే నేర్చేసినాదే," అని నవ్వుతూ లోపలికి వెళ్ళి వేరేది తెచ్చాడు.

పాతవి నాలుగూ గోడకు ఆనించి ఉండగా ఒక కారు వచ్చి ఆగింది. నా మోడలే, ఇంకా పాతది. వెనక సీటు పీకేసి చామంతి గంపలు వేసుకున్నారు. ఐరాల నుంచి పూలు తెచ్చి అమ్మే మనిషి, ముందు సీట్లో అతని భార్య. వాళ్ళ టైర్లు గుండు కొట్టించుకున్న తలలా నున్నగా ఉన్నాయి. అతను గాలి కోసం దిగినవాడు నా టైర్ల దగ్గర ఆగిపోయాడు.

"ఇవి నీవా మ్మా? అబ్బా, ఎంత గ్రిప్పుండాది. ఎందుకు తీసేస్తా ఉండారు?"

ఆ చూపు నాకు బాగా తెలుసు. ఏడాదిన్నరగా భారతి తెల్లకారును తలుచుకున్నప్పుడల్లా నా చూపూ అదే. నా వస్తువు ఒకటి చూసి ఒక మనిషి కుళ్ళుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక్క నిమిషం నాకు కడుపు చల్లగా అనిపించింది.

"నాలుగిటికీ రెండు వేలిస్తా," అన్నాడు.

షాపతను నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "నున్నటి టైరుతో భయపడతా నిదానంగా పోతాడు మేడమ్. వీటినేసుకుంటే బాగుండాయనుకొని తోలతాడు."

నేను ఎలా తోలుకొచ్చానో అలాగ. "కోసెయ్యండి," అన్నాను.

అతను కత్తి తెచ్చి నాలుగింటినీ పక్కల్లో చీరేశాడు. పూలతను భార్య వైపు తిరిగి, నాకు వినపడేట్టే అన్నాడు. "ఇయ్యకుంటే పోయె, కొయ్యడమెందుకు? ఓర్వలేని మనిషి మాదిరుండాది."

ఈ ప్రయాణం మొత్తంలో నేను ఓర్వలేనితనం లేకుండా చేసిన పని ఆ ఒక్కటే, ఆ పేరు సరిగ్గా అక్కడే వచ్చింది. భారతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ముందు టైరు తిప్పి ఆ ఉబ్బు చూపించాను, పగుళ్ళు చూపించాను, నాలుగంకెలు చదివి వినిపించాను. అతను తల గోక్కున్నాడు. అతని భార్య కారు దిగి వచ్చి ఉబ్బు మీద వేలు పెట్టి చూసి, "మనవి ఎప్పుడివి?" అని మొగుణ్ణి అడిగింది.

మేం బయల్దేరేటప్పుడు అతను తన కారు పక్కన గొంతుకూర్చుని, టైరు మీద మట్టిని ఉమ్మితో తుడుస్తూ అంకెల కోసం వెతుకుతున్నాడు.

ఇంటికి వచ్చాక ఎవరూ చూడకుండా తెల్లకారు టైర్ల అంకెలు కూడా చదివాను. నాలుగూ కొత్తవే. ఒక్క తప్పైనా దొరకలేదు.

కొండ

మర్నాడు తెల్లవారగానే వీధిలో నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు భారతే పెట్టింది. కారు కదిలించాను, నలిగాయి. "నిన్న ఆ మాట అనకుండా ఉండాల్సింది," అన్నాను. "పులుసులో ఉప్పు సరిపోయిందా లేదా, అది చెప్పు ముందు," అంది. సరిపోయిందని చెప్పాను.

అలిపిరి దగ్గర తనిఖీ అయ్యాక కొండ ఎక్కడం మొదలుపెట్టాం. అత్తయ్య ముందు సీట్లోనే. కొత్త టైర్లు మలుపుల్లో రోడ్డును పట్టుకుని వెళ్తున్నాయి, స్టీరింగ్ చేతిలో కదలకుండా ఉంది. అయిదో మలుపో ఆరో మలుపో తిరిగేసరికి ఆవిడ తల అద్దానికి ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. గాఢంగా నిద్ర.

వెనక నుంచి భారతి ముందుకు వంగి గుసగుసగా అంది. "అక్కా, నా కార్లో ఎప్పుడూ నిద్రపోదు తెలుసా. పోయినంత దూరమూ పైన కమ్మీ పట్టుకొనే కూచోనుంటాది."

ఆ గొంతులో సన్నటి కుళ్ళు వినిపించింది. నాకు తెలియని సరుకు కాదది. పదకొండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అదే కాబట్టి చాలా సంతోషించాను. ఆ సంతోషం రెండు మలుపుల వరకు ఉంది. మూడో మలుపులో అత్తయ్య తల అటు నుంచి జారి నా భుజం వైపు ఒరిగింది. అప్పుడు తట్టింది, ఆవిడ నిద్రపోయింది కొత్త టైర్లను చూసి కాదు. పాత టైర్ల మీదైనా ఇలాగే, ఇంత నమ్మకంగానే నిద్రపోయేది.

తర్వాతి మలుపు దగ్గర వేగం ఇంకొంచెం తగ్గించాను.